తోటవ్వ బావి దగ్గర తొట్టి ఒక్కటే

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కరువు రోజుల్లో ఊళ్లకు నీళ్లు ఎట్లా అందించేవారని అడుగుతారు. వాళ్ల ప్రశ్నలో ట్యాంకర్లు, పైపులు, మోటార్లు ఉంటాయి. నా జవాబులో ఒక బావి, ఒక జత ఎడ్లు, ఒక తోలు మోట మాత్రమే ఉంటాయి. కొందరు మధ్యలోనే గడియారం చూసుకుంటారు. ఓపిక ఉన్నవాళ్ల కోసం ఆ ఒక్క ఎండాకాలం సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అరవైల నడుమ నేను గ్రామసేవికగా పనిచేశాను. బ్లాకు ఆఫీసు కింద ఊళ్లలో తిరిగి, ఆడవాళ్లకు కుట్టుపని నేర్పడం, పొగ రాని పొయ్యిలు కట్టించడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం మా పని. మాది నల్లగొండ దగ్గర సాలెల ఇల్లు. నాయిన మగ్గం నేసేవాడు. మెట్రిక్ పాసై, శిక్షణ ముగించుకుని, ఒక పెట్టె, ఒక చాప పట్టుకుని నేను చేరిన మొదటి ఊరు కట్టంగూరులో బస్సు దిగి మట్టిబాటలో చాలాసేపు నడిచి చేరుకోవలసిన ఊరు. శిక్షణలో మాకు నేర్పిన పనుల్లో నీళ్ల పంపకం లేదు. నేర్పినా ఉపయోగపడేది కాదేమో.

ఆ ఊళ్లోనే నాతోపాటు ఒక గ్రామసేవక్ ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. విత్తనాలు, ఎరువులు, కంపోస్టు గుంతలు ఆయన శాఖ. బీడీని ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ మాట్లాడే అలవాటు. వానలు లేక ఆయన పని పూర్తిగా ఆగిపోయింది. కంపోస్టు గుంతల్లో వేయడానికి పేడ కూడా లేదు. పశువులున్నవాళ్లు చాలామంది వాటిని కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయారు. "నేను ఇప్పుడు ఉత్త గుంతలకు అధికారిని" అనేవాడు.

రెండేళ్లుగా వాన సరిగా పడలేదు. చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. మాదిగవాడ బావి మాఘంలోనే ఎండిపోయింది. ఊరి మంచినీళ్ల బావి ఇంకొంత కాలం లాగి, ఉగాది దాటేసరికి బురద చూపించింది. ఇక మిగిలినవి రెండు. ఒకటి ఊరి నడుమ ఉన్న పాత దిగుడు బావి. రెండోది ఊరి బయట బత్తాయి తోటలోని మోట బావి.

దిగుడు బావిలో అడుగున కొన్ని నీళ్లు ఎప్పుడూ ఉండేవి. కానీ అవి నారి పురుగు నీళ్లు. మీలో ఎవరూ ఆ పురుగును చూసి ఉండరు, చూడకపోవడమే మంచిది. మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి కడవలు ముంచుకునే బావుల్లో అది పుట్టేది. ఆ నీళ్లు తాగిన మనిషికి ఏడాది దాకా ఏమీ తెలియదు. తర్వాత కాలి మీద పొక్కు లేచి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగాలి. తెగిందంటే కాలు వాచి మనిషి మంచం పడతాడు. ఆ ఊరికి వచ్చిన కొత్తలోనే ఇంటింటికీ తిరిగి చెప్పి, ఆ మెట్ల మీద ముళ్లకంప వేయించాను. ఉద్యోగంలో నేను పూర్తిచేసిన మొదటి పని అది.

కాబట్టి ఊరి కళ్లన్నీ బత్తాయి తోట బావి మీద పడ్డాయి.

ఆ బావి ఒక ముసలామెది. అందరూ ఆమెను తోటవ్వ అనేవారు. పిల్లలు లేరు. భర్త బత్తాయి మొక్కలు నాటిన మరుసటి ఏడే పోయాడు. అప్పటినుంచి ఆ చెట్లను ఆమె ఒక్కతే పెంచింది. అవి ఇప్పుడిప్పుడే మంచి కాపుకు వస్తున్నాయి. బావిలో ఊట ఉంది కానీ, రెండు అవసరాలకు సరిపడేంత లేదు. ఊరు తాగితే చెట్లు ఎండుతాయి. చెట్లు తాగితే ఊరు లేచి వలసపోవాలి.

మా బ్లాకు ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన మనిషి. మర్యాదస్తుడు. విషయం చెబితే, "తహసీల్దారు గారితో మాట్లాడి బావి స్వాధీనం చేసుకునే ఉత్తర్వు తెప్పిస్తానమ్మా, మీరు కంగారు పడకండి" అన్నారు. ముందు ఒకసారి ఆమెను అడిగి చూస్తానన్నాను.

నేను వెళ్లేసరికి తోటవ్వ చెట్ల మొదళ్లలో ఎండుటాకులు పరుస్తోంది.

"అవ్వా, ఊరికి నీళ్లు కావాలె" అన్నాను.

"కావాలె. నా చెట్లకు గూడ కావాలె." తల ఎత్తకుండానే అంది. "నిన్నెవలు పంపిన్రు? సర్పంచా?"

"ఎవలు పంపలే. నేనే వచ్చిన."

అప్పుడు లేచి నన్ను ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఒక ఆకును నా వేళ్ల మధ్య పెట్టింది. ఆకు అంచులు ముడుచుకుని ఉన్నాయి. "మా ఇంటాయన నాటిండు. నీళ్లు వోసి పెంచింది నేను. సర్కారు కాయితం తెస్తే గుంజుకోవచ్చు గద, ఎందుకు తేలేదు?"

"కాయితం తెస్తే నువ్వు ఇచ్చినట్టు కాదు గద అవ్వా."

ఆమె నన్ను కాసేపు చూసింది. పమిట చెంగుతో మొహం తుడుచుకుని, "తోడుకపోండ్రి" అంది. వెంటనే షరతులు మొదలుపెట్టింది. ఎడ్లు తనవే కాబట్టి వాటికి ఇంటింటి నుంచి చొప్ప రావాలి. తోటలో ఎవరూ బట్టలు ఉతకకూడదు. మేకలు రాకూడదు. మోట నీళ్లు పడే రాతి తొట్టి నుంచి పొర్లిపోయినవి కాలువగుండా చెట్లకే పోవాలి. అన్నిటికీ తల ఊపాను. చివరికి అసలు మాట చెప్పింది.

"మాదిగవాడోళ్లు తొట్టి కాడికి రావద్దు. కాలువ చివర పట్టుకోమను."

"అవ్వా, దూప అందరికీ ఒక్కటే గద."

"నీళ్లు ఇస్తనన్న. ఆచారం గూడ ఇస్తనన్ననా?"

ఆ సాయంత్రం చావడిలో కూర్చున్న పెద్దలకు ఈ షరతు షరతులాగే కనిపించలేదు. ఎప్పుడూ ఉండేదే కదా అన్నట్టు దాటేశారు. నేను లేచి, కాలువ చివరకు నీళ్లు చేరకపోతే ఎట్లా అని అడిగాను. సర్పంచు నా వైపు తిరిగాడు. ఆయన చెడ్డమనిషి కాదు. ఊరి బడికి కప్పు వేయించింది ఆయనే. కానీ ఎదురు ప్రశ్న వినడం అలవాటు లేని మనిషి.

"సేవికమ్మా, నీకు నీళ్లు కావాల్నా, లొల్లి కావాల్నా?"

బయటికి వచ్చాక గ్రామసేవక్ బీడీ తిప్పుతూ, "మొదాలు కడవలు నిండనియ్యి. మిగిలింది తర్వాత జూద్దాం" అన్నాడు. ఆ పూటకు అంతకంటే ఏమీ జరగలేదు.

మోట ఎట్లా పనిచేసేదో రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. పెద్ద ఇనుప బొక్కెనకు అడుగున పొడవైన తోలు తొండం కుట్టి ఉంటుంది. దాన్ని తాళ్లతో బావిలోకి దించుతారు. బావి పక్కన పల్లంగా చేసిన బాటలో ఎడ్లు ముందుకు నడిస్తే నిండిన మోట పైకి వస్తుంది. తొండం నోరు తొట్టిలోకి వంగి నీళ్లు దుముకుతాయి. ఎడ్లు వెనక్కి నడిస్తే మోట మళ్లీ కిందికి దిగుతుంది. ఎవరూ బావిలోకి దిగనక్కర లేదు, కాళ్లు నీళ్లను తాకవు. నారి పురుగు భయం లేదు కాబట్టి నాకు ఆ పద్ధతి నచ్చింది. అంత లోతు నుంచి చేతితో చేదుకోవడం కూడా కుదిరే పని కాదు. ఒడ్డుకు గోడ లేదు, రాయి జారితే మనిషి తిన్నగా అడుగుకే.

ఎడ్లను తోలే పని ఊరి నీరడికి అప్పగించారు. చెరువు తూము తీసి పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదలడం ఆయన వంశం పని. చెరువే లేకపోయాక ఖాళీగా ఉన్నాడు. వంతులు పెట్టడంలో ఆయనకు పేరుంది. కానీ ఆడవాళ్ల వరుస ముందు రెండో రోజుకే చేతులెత్తేశాడు. "చెరువు నీళ్లు పంచేటప్పుడు మడి మాట్లాడది సేవికమ్మా. గీ కడవలు మాట్లాడతయి" అని నాతో మొరపెట్టుకున్నాడు. అప్పటినుంచి వరుస నేను చూసుకున్నాను, ఎడ్లను ఆయన చూసుకున్నాడు.

ఇంటికి ఇన్ని కడవలని పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. కొద్ది రోజులకు ఊరు ఆ లెక్కకు అలవాటు పడింది. గొల్లల ఆడవాళ్లు, సాలెలు, కాపులు, అందరూ తొట్టి దగ్గర నింపుకునేవాళ్లు. పొర్లిన నీళ్లు మట్టి కాలువలో చెట్ల వైపు సాగేవి. ఆ కాలువ చివర, తోట కంచె బయట మాదిగవాడ ఆడవాళ్లు ముంతలతో కడవల్లోకి ఎత్తుకునేవాళ్లు. ఎండిన నేల సగం నీళ్లు దారిలోనే తాగేది. చివరికి చేరినవి ఎర్రగా, చిక్కగా ఉండేవి. వాటిని గుడ్డలో వడగట్టి, పొద్దుపోయేదాకా తేటపడనిచ్చి తాగేవాళ్లు. నేను నీరడితో చెప్పి చివర్లో వాళ్ల కోసమని రెండు మోటలు ఎక్కువ తోడించేదాన్ని. ఆ నీళ్లు కూడా ఆ కాలువలోంచే పోవాలి. పెద్ద తేడా రాలేదు.

వైశాఖం నడుమ ఒకరోజు పొద్దున మోట పైకి వస్తూ వస్తూ, తొండం మెడ దగ్గర చినిగిపోయింది. నీళ్లన్నీ చప్పుడు చేసుకుంటూ బావిలోకే పడ్డాయి. వరుసలో ఉన్నవాళ్లకు మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగింది.

తోలు తొండం కుట్టేది మాదిగవాడలో ఒక పెద్దాయన. చుట్టుపక్కల మోటలన్నీ ఆయన చేతివే. నీరడి, నేను చినిగిన తొండాన్ని తీసుకుని ఆయన ఇంటికి పోయాం. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చినుగు మీద బొటనవేలు నడిపాడు. "అయితది. పొద్దుగూకేలోపట అయితది" అన్నాడు. తోలు కుట్టే ఆరె తెమ్మన్నట్టు ఇంటి లోపలికి చూశాడు.

లోపలినుంచి ఆయన కోడలు వచ్చింది. దాదాపు నా ఈడుదే. చంకలో బిడ్డ ఉంది. చేతిలో ఆరె లేదు.

"కుట్టకు మామా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "సేవికమ్మా, నీ మీద కోపం లేదు. కని నువ్వే చెప్పు. గీ తోలు మా మామ నానవెట్టిండు, మా మామ కుట్టిండు. గీ తోలు లోపటికెల్లి వచ్చిన నీళ్లు ఊరంత తాగుతాంది. గా నీళ్లే మట్టిల పారి పారి మా కాడికొస్తయి. మా బిడ్డకు గుడ్డల వడగట్టి తాపుతున్న. తొట్టి కాడ మేం నింపుకుంటే ఏమైతది?"

నీరడి నేల చూశాడు.

పెద్దాయన తొండాన్ని ఒళ్లోంచి తీసి మెల్లగా పక్కన పెట్టాడు. "కోడలు చెప్పింది నాకు మంచిగనే అనిపిస్తాంది" అన్నాడు. "కుట్టనని అంటలేను. తొట్టి కాడ మా ఆడోళ్లను గూడ నింపుకోనిస్తమని చెప్పున్రి, గా పూటనే కుట్టిస్త."

చావడిలో ఈ మాట చెప్పగానే అందరూ ఒక్కసారే మాట్లాడారు. సర్పంచు మాత్రం అరవలేదు. పక్క ఊరి మాదిగవాడ నుంచి వేరే కుట్టేవాడిని పిలిపించమని మనిషిని పంపాడు. అతను మధ్యాహ్నానికి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. తోట దగ్గర కూర్చుని నీళ్లు అడిగాడు. ఎవరో అంటకుండా, ఎత్తు నుంచి కొబ్బరి చిప్పలో పోశారు. తాగి, మూతి తుడుచుకుని, ఇక్కడి మనిషి ఎందుకు కుట్టలేదని అడిగాడు. చెప్పారు. ఇంకేమీ అడగలేదు. సంచీ విప్పకుండానే భుజాన వేసుకుని వచ్చిన దారినే పోయాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి దిగుడు బావి మెట్ల మీది ముళ్లకంప పక్కకు లాగేసి ఉంది. ఆడవాళ్లు, పిల్లలు కాళ్లు నీళ్లలో పెట్టి కడవలు ముంచుకుంటున్నారు. వాళ్లను ఆపడానికి నాకు నోరు రాలేదు. బట్టను నాలుగు మడతలు వేసి వడగట్టుకుని తాగండని మాత్రం ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు విన్నారు.

నేను కట్టంగూరు దాకా నడిచి బస్సెక్కి బ్లాకు ఆఫీసుకు పోయాను. ఆఫీసరు గారు అంతా విన్నారు. "చట్టం ఉందమ్మా. బావి దగ్గర అట్లా అడ్డుపెట్టడం నేరమే. పోలీసుల్ని పంపించమంటే పంపిస్తాను. ఒకరోజు నిలబడతారు. ఆ మర్నాడు ఎవరు నిలబడతారు? మీరు ఒక్కరే కదా అక్కడ ఉండేది?" ఆయన తప్పించుకోవడానికి అన్న మాట కాదు అది. నిజంగానే నన్ను అడిగారు. రెండు రోజుల్లో తేలకపోతే కబురు చేయండి, నేనే వస్తానన్నారు.

తిరిగి వస్తూ దారంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టుకున్నాను. తొట్టి పక్కనే ఇంకొక తొట్టి కట్టిద్దాం. మోట నీళ్లు ముందు ఒకదాంట్లో, తర్వాత మాదిగవాడ కోసమని రెండోదాంట్లో. నీళ్లు తేటగా ఉంటాయి, ఆచారమూ మిగులుతుంది. గ్రామసేవక్‌కు చెబితే బాగుందన్నాడు. సర్పంచు కూడా కొంచెం గొణిగి, సరేనన్నాడు. ఎంతో తెలివైన పని చేశాననుకుంటూ మాదిగవాడకు పోయాను.

పెద్దాయన కోడలు బిడ్డను నేల మీద కూర్చోబెట్టి నా మాట చివరిదాకా విన్నది.

"రెండు తొట్లు ఎందుకు సేవికమ్మా?" అంది.

"నీళ్లు మంచిగ దొరుకుతయి గద."

"నీళ్లు దొరుకుతయి. గా రెండో తొట్టి ఎన్నేండ్లుంటది? కరువు పోతది, తొట్టి పోదు. రేపు గీ బిడ్డ పెద్దయినంక గూడ గదే తొట్టి కాడికి పోవాలె." ఆమె గొంతు పెంచలేదు. "ఇంత దూరం నడిచి వచ్చినవు, కూసో. అంబలి తాగి పో."

కూర్చున్నాను. అంబలి తాగాను. ఆ నీళ్ల కరువులో ఆమె ఇచ్చిన ఆ అంబలిలో ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో నాకు తెలుసు.

రెండో తొట్టి వద్దన్న ఆ మాట చావడిలో చెప్పినప్పుడు సర్పంచుకు మొదటిసారి కోపం వచ్చింది. ఒకరిద్దరు పెద్దలు మెత్తబడి, తోటవ్వనే ఒకసారి అడుగుదామన్నారు. బావి ఆమెది కదా అన్నారు. ఆయన చేతికర్ర నేలకు కొట్టి, "ముసల్దానికేం ఎరుక? గా బాయి సంగతి నేను జూసుకుంట. ఆమె ఒప్పుకున్నా నేను ఒప్పుకోను" అన్నాడు.

నేను చావడి నుంచి తిన్నగా తోటకు పోయాను.

మోట ఆగినప్పటినుంచి పొర్లు నీళ్లు కూడా లేవు. చిన్న కాయలు పచ్చగానే రాలి చెట్ల కింద పడి ఉన్నాయి. తోటవ్వ వాటిని ఏరి కుప్ప పోస్తోంది, ఎందుకు ఏరుతుందో ఆమెకు కూడా తెలియదనుకుంటాను.

"ఏమైంది చావడిల?" అని అడిగింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు తొట్ల మాట, కోడలు వద్దన్న మాట, పెద్దలు మెత్తబడిన మాట. చివరికి సర్పంచు అన్న మాట కూడా చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు, ఒక్కటి తీయలేదు. ఆ మాట ఆమెకు ఎక్కడ తగులుతుందో తెలిసే చెప్పాను.

తోటవ్వ చేతిలోని కాయలు కుప్పలో వేసింది.

"ఏమన్నడు? మల్లొకసారి చెప్పు."

"ఆమె ఒప్పుకున్నా నేను ఒప్పుకోను అన్నడు."

"నా బాయి కాడ?"

"నీ బాయి కాడనే అవ్వా."

ఆమె లేచి కర్ర అందుకుంది. ఎండ ఇంకా దిగలేదు. చెప్పుల్లేకుండా ముందు నడుస్తుంటే నేను వెనక నడిచాను. ఊరి వైపు పోతుందనుకున్నాను. మాదిగవాడ బాట పట్టింది. ఆ వయసు దాకా ఆమె ఆ బాటలో నడిచి ఉండదు. వాడ మొదట్లో ఆగింది. మనుషులు ఒక్కరొక్కరే బయటికి వచ్చారు. పెద్దాయన, ఆయన కోడలు ముందుకు వచ్చారు.

తోటవ్వ కర్ర నేలకు ఆనించి నిలబడింది.

"నా చెట్లు ఎండుతున్నయి" అంది తోటవ్వ.

"మా బిడ్డలు గూడ ఎండుతున్నరు అవ్వా" అంది కోడలు.

తోటవ్వ ఆమె చంకలోని బిడ్డను చూసింది. బిడ్డ పెదవులు పగిలి ఉన్నాయి. ఆమె చూపు అక్కడే ఆగింది.

"గా తొట్టి మా ఇంటాయన తెచ్చి పెట్టిన రాయి" అంది. "దాని కాడ ఎవలు నిలవడాల్నో చెప్పనీకి సర్పంచు ఎవలు? తొట్టి ఒక్కటే. ముందు ఎవలొస్తే వాళ్లు నింపుకోవాలె. ఇగ తొండం తియ్యి."

పెద్దాయన కోడలి వైపు చూశాడు. ఆమె లోపలికి పోయి ఆరె తెచ్చింది.

తోటవ్వ మనసు మారిపోయిందని మీకు నేను చెప్పను. చెట్లు ఎండుతున్నాయి, సర్పంచు మాట పొడిచింది, బిడ్డ పెదవులు పగిలి ఉన్నాయి. ఈ మూడింట్లో ఏది ఎంత పని చేసిందో నేను తేల్చలేను. ఆమెను ఎప్పుడూ అడగలేదు. అడిగితే నన్ను కూడా తోటలోంచి పొమ్మనేదేమో.

మర్నాడు పొద్దున కుట్టిన తొండాన్ని మోటకు బిగించారు. ఊరు ఊరంతా వచ్చింది, కానీ చాలామంది దూరంగా నిలబడ్డారు. తోటవ్వ తొట్టి పక్కన రాయి మీద కర్ర పట్టుకుని కూర్చుంది. సర్పంచు రాలేదు. నీరడి ఎడ్లను తోలాడు. మోట పైకి వచ్చి, తొండం వంగి, నీళ్లు తొట్టిలో దుమికాయి. కుట్టు దగ్గర ఒక్క చుక్క కూడా కారలేదు.

పెద్దాయన కోడలు కడవతో ముందుకు నడిచింది. ముంచింది. నెత్తిన పెట్టుకుంది. పక్కకు జరిగింది.

తర్వాత ఎవరూ కదలలేదు. నీళ్లు తొట్టి నిండి పొర్లి చెట్ల వైపు పోతున్నాయి. నేను నా బిందె తీసుకుని నడిచాను, నింపుకున్నాను. అది నా ఉద్యోగధర్మం అనుకుని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. దూరంగా ఉన్న గుంపులోంచి ఒక గొల్లామె, "పొద్దెక్కుతాంది, ఇంటికాడ పిల్లలు దూపకు ఏడుస్తున్నరు, నిలవడితే నీళ్లొస్తయా" అని తనలో తాను అన్నట్టు గట్టిగా అని, తొట్టి దగ్గరికి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. కాసేపటికి వరుస కుదురుకుంది. తోసుకోవడం, తిట్టుకోవడం, నా కడవ ముందంటే నా కడవ ముందని వాదులాడుకోవడం మళ్లీ మొదలయ్యాయి. నీరడి నా వైపు చూసి తల కొట్టుకున్నాడు. అంత గొడవ విని అంత సంతోషపడిన రోజు నాకు ఇంకొకటి లేదు.

అందరూ వచ్చారని కాదు. నాలుగైదు ఇళ్ల మగవాళ్లు తమ ఆడవాళ్లను తోట దిక్కు పోనివ్వలేదు. వాళ్లు వానలు పడేదాకా దిగుడు బావి నీళ్లే తాగారు. మరుసటి ఎండాకాలం వాళ్ల కాళ్లకు పొక్కులు లేచినప్పుడు పుల్లలకు పురుగులు చుట్టి కట్లు కట్టింది నేనే. వాళ్లలో ఏ తప్పూ లేని పిల్లలు ఇద్దరున్నారు. ఆ కట్లు కట్టేటప్పుడు గెలిచామన్న భావం కొంచెం కూడా మిగలలేదు.

సర్పంచు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. నన్ను బదిలీ చేయించమని ఆఫీసుకు పోయాడని గ్రామసేవక్ చెప్పాడు. ఆఫీసరు గారు ఆయనకు టీ తాగించి, వేరే గ్రామసేవిక ఎవరూ లేరని పంపేశారట. అది నిజమే, నిజంగానే ఎవరూ లేరు.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చింది. బత్తాయి చెట్లలో సగానికి సగం అప్పటికే చచ్చిపోయాయి. తోటవ్వ వాటిని కొట్టించి కట్టెలు వాడకట్టు వాడకట్టుకూ పంచింది. మాదిగవాడకు కూడా. మిగిలిన చెట్లు మరుసటి ఏడు కాశాయి.

వానలు పడగానే ఊరి బావిలో నీళ్లు ఊరాయి. దాంతోపాటు పాత కట్టుబాటు కూడా తిరిగి వచ్చింది. ఊరి బావి గోడ దగ్గరికి మాదిగవాడ ఆడవాళ్లను మళ్లీ రానివ్వలేదు. నాకు మనసు విరిగిపోయింది. ఇంత చేసి ఏం సాధించామని గ్రామసేవక్ ముందు కూర్చుని బాధపడ్డాను. ఆయన ఎప్పటిలాగే బీడీ తిప్పుతూ, "ఒకపాలి పొద్దుగాల తోట దిక్కు పోయి సూడు" అన్నాడు.

పోయాను. తొట్టి దగ్గర వరుస ఉంది. కరువు లేదు, ఎవరూ పెట్టని వరుస. మాదిగవాడ ఆడవాళ్లున్నారు, వాడ బావి ఇంకా ఊరలేదు, వాళ్లకు అదే బావి అయింది. వాళ్ల మధ్యన ఊరివాళ్లు కూడా ఉన్నారు. కారణం తర్వాత తెలిసింది. ఊరి బావి నీళ్లు తాగడానికి పనికొచ్చినా కొంచెం చవుడు. ఎంతసేపు మరిగించినా పప్పు బద్దలు బద్దలుగానే మిగిలేది. తోటవ్వ బావి నీళ్లకు పప్పు వెన్నలా ఉడికేది. ఆ ఎండాకాలమంతా ఆ నీళ్లతో వండుకున్న ఆడవాళ్లకు ఇక ఊరి బావి నీళ్లు పొయ్యి మీదికి పనికిరాలేదు. తాగడానికి ఊరి బావి, పప్పుకు తోట బావి. మగవాళ్లు చావడిలో ఏమనుకున్నా, అన్నంలో పప్పు బాగుంటే ఎక్కడి నీళ్లని ఎవరూ అడగలేదు.

ఆ వరుసలో సర్పంచు భార్య కూడా ఉంది. ఆమె ముందు పెద్దాయన కోడలు, బిడ్డను తొట్టి పక్కన నిలబెట్టి, తీరిగ్గా కడవ కడుక్కుంటోంది.

"జర జల్ది కానియ్యి. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన" అంది సర్పంచు భార్య.

"మాది గూడ పొయ్యి మీదనే ఉన్నది" అంది కోడలు. కడవను ఇంకొకసారి కడిగి, నిండా ముంచి, నెత్తిన సర్దుకుని, అప్పుడు పక్కకు జరిగింది.